రిపోర్టులో లేని పిట్ట

వసుంధర జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల పైన ఉంటుంది. టెక్కలి దగ్గరి మనిషి. పంతొమ్మిదేళ్ళ కిందట వాగుల్లో చేపల మీద పరిశోధన చేయడానికి ఇండియా నుంచి ఈ దీవికి, ఇక్కడి యూనివర్సిటీకి వచ్చింది. పరిశోధన సగంలో ఆగిపోయింది, పెళ్ళయింది, కూతురు వర్షిత పుట్టింది, ఈ ఊరే సొంతూరైంది. పిట్ట కొమ్మల్లో కనబడకపోయినా గొంతు విని పేరు చెప్పగలదు. ఆ విద్యే ఆమెకి ఉద్యోగం తెచ్చిపెట్టింది.

ఆమె పనిచేసింది పదకొండుమంది ఉన్న చిన్న కంపెనీలో. ఎవరైనా పెద్ద భవనం కట్టబోయే ముందు ఆ నేల మీద ఏ చెట్లున్నాయి, ఏ జంతువులున్నాయి, ఏ పక్షులున్నాయి అని తిరిగి చూసి రిపోర్టు రాసిచ్చే కంపెనీ అది. నేను ఇప్పుడు చెప్పేది నాలుగేళ్ళ కిందట మొదలైన సంగతి. చాలాకాలం ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఏదీ దాచలేదు.

దీవికి ఉత్తరాన యీషున్‌లో ఫ్లాట్ల వరస అయిపోయాక ఒక చిన్న గుట్ట ఉండేది. ఎప్పుడో రబ్బరు తోట, ఆ తర్వాత ఒక పల్లె, పల్లె ఖాళీ అయ్యాక యాభై ఏళ్ళపాటు ఎవరూ ముట్టుకోని నేల. రంబుటాన్, దురియాన్ చెట్లు వాటంతటవి పెరిగి అడవైపోయాయి. మధ్యలో మోకాలి లోతు వాగు. ఆ గుట్ట మీద మూడు టవర్లు కట్టడానికి ఒక బిల్డర్ ముందుకొచ్చాడు. మామూలుగా ఇలాంటి చోట కొట్టేసిన పచ్చదనానికి బదులు భవనంలో కొంత పచ్చదనం పెట్టమంటారు. ఈ ఒక్క స్థలానికి మాత్రం అనుమతి ఇచ్చేవాళ్ళు ఇంకాస్త గట్టి షరతు పెట్టారు. కట్టడం పూర్తయ్యేసరికి అక్కడ జీవవైవిధ్యం ముందున్నదానికంటే మెరుగుపడాలి, ఎంత మెరుగుపడుతుందో అంకెల్లో చూపాలి అన్నారు.

"ఇంగ్లండ్‌లో దీన్ని చట్టమే చేశారు. ఇక్కడా రేపోమాపో ఇదే పద్ధతి రావచ్చు. మనం ముందే నేర్చుకుంటే మంచిది" అన్నాడు వసుంధర పై అధికారి ఓంగ్.

వసుంధరకి ఆ షరతు చాలా నచ్చింది. ఇన్నాళ్ళూ తను రాసినవన్నీ చెట్లు కొట్టేముందు చదివే మంత్రాల్లా అనిపించేవి. ఇప్పుడు మొదటిసారి కట్టేవాడు తిరిగి ఇవ్వాల్సి వస్తోంది. ముందు అక్కడ ఎంత జీవం ఉందో రాయడం ఆమె పని. తర్వాత ఎంత రాబోతుందో తోటలు గీసేవాళ్ళు చూపిస్తారు. రెంటికీ మధ్య తేడాయే మెరుగుదల.

పక్షుల కోసం ఎనిమిది ఉదయాలు ఆ గుట్టకి వెళ్ళింది. మొదటిరోజు తెల్లారుతుండగా వాగు వైపు నుంచి ఒక పాట వినిపించింది. నీళ్ళు సన్నటి మెడ ఉన్న సీసాలోంచి ఒలుకుతున్నట్టు, ఆగి ఆగి, ఒకదానికి ఇంకొకటి బదులిస్తూ. గడ్డిరంగు తల ఉన్న పిగిలిపిట్టలు. పాట బాగుంటుందని చుట్టుపక్కల దేశాల్లో పట్టి పంజరాల్లో పెట్టి అమ్మీ అమ్మీ, వాటిని దాదాపు లేకుండా చేశారు. ఈ చిన్న దీవిలోనే ఇంకా కొన్ని వందలు మిగిలాయి. వసుంధర రికార్డర్ ఆన్ చేసి కదలకుండా నిలబడింది.

"అది రోజూ పాడుద్ది. కంగారు పడకు" అని వెనకనుంచి తెలుగులో ఎవరో అన్నారు.

గుట్ట కింది కాలిబాట మీద బెంచీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. అంతకుముందు ఆమె ఫోన్లో ఇంటికి మాట్లాడింది విన్నాడట.

"అంకుల్, మీరు తెలుగువాళ్ళా?"

"మా అయ్యది విశాపట్నం కాడ ఊరు. నేవీ బేసులో పనికొచ్చినాడు. నాను ఇక్కడే పుట్టినాను. ఇండియా సూడనేదు" అన్నాడాయన. "నీ మాట మా అయ్య మాటలాగుంది. ఏ ఊరమ్మా మీది?"

ఆయన పేరు ఈశ్వరరావు. డెబ్భై నాలుగేళ్ళు. షిప్‌యార్డ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు. తెలుగు, తమిళం, మలయ్ కలిపేసి మాట్లాడతాడు. మార్కెట్టుని పసర్ అంటాడు, భోజనాన్ని మకాన్ అంటాడు, కానీ 'లేదు' అనాల్సిన చోట శ్రీకాకుళంలో వసుంధర తాతలాగే 'నేదు' అంటాడు. అది విని వసుంధర వెళ్ళి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. మూడోరోజుకి ఆయన్ని చిన్నాన్న అని పిలవసాగింది. ఆయన భార్య తారాదేవి ఈమె వస్తుందని తెలిసి ఫ్లాస్కులో కోపీ, అదే ఇక్కడి కాఫీ, పంపేది.

నాలుగోరోజు ఆయన ఒక లావాటి నోటుపుస్తకం తెచ్చాడు. రిటైరైన నాటినుంచి పదకొండేళ్ళపాటు రాసింది. తేదీ, టైము, పాట వినబడిందా లేదా, ఎన్ని పిట్టలు. వర్షం పడితే ఒక గీత. రెండుచోట్ల మాత్రం ఎర్ర ఇంకుతో రాశాడు: 'పిల్లలు రెండు'.

"గూడు ఎక్కడో చూశారా చిన్నాన్నా?"

"వాగు వంపు తిరిగినకాడ ముళ్ళపొద ఉంది గదా, దానెనకాల. ఈ ఏడు కూడా అక్కడే తిరుగుతున్నాయి. ఎళ్ళి సూడు."

ఎనిమిది ఉదయాల్లో ఆరు ఉదయాలు వసుంధర ఆ జంట పాట వింది. ముళ్ళపొద దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.

నాతో చెప్పినప్పుడు ఆమె ఈ ముక్క దగ్గర ఆగి, మళ్ళీ మళ్ళీ చెప్పింది. మరిచిపోయి కాదు వెళ్ళనిది. టైము లేకా కాదు. ఆ జంట అక్కడే గూడు కట్టుకుంటుందని రిపోర్టులో రాస్తే వాగు రెండు ఒడ్డులూ వదిలేయాలి, మూడో టవర్ ఎగిరిపోతుంది, మళ్ళీ ఒక రుతువంతా సర్వే చేయాలి. బిల్డర్ తొందరమీద ఉన్నాడు. వాళ్ళవే ఇంకో రెండు స్థలాల పని కూడా ఈ కంపెనీకే ఇస్తామన్నారు. ఇంట్లో చూస్తే ఆమె భర్త చక్రధర్‌కి బ్యాంకులో ఉద్యోగం పోయి మూడు నెలలైంది. బ్యాంకులుండే రాఫెల్స్ ప్లేస్‌కి వెళ్ళే రోజుల్లోలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాడు. చూస్తే రాయాలి. అందుకని చూడలేదు.

రిపోర్టు రాసేరోజు ఓంగ్ అడిగాడు, "ఆ పిగిలిపిట్టల గూడు చూశావా?"

"గూడైతే చూడలేదు."

"మరి చూడనిది రాయలేం కదా" అని ఆయన తన గదిలోకి వెళ్ళిపోయాడు.

అంతే. ఇంకెవరూ ఏమీ అడగలేదు. వసుంధర కూర్చుని రాసింది. పిగిలిపిట్టలు 'అప్పుడప్పుడు వచ్చిపోతాయి' అని రాసింది. వాగుని 'పాత కాలువ' అని రాసింది. స్థానికుల దగ్గరున్న సమాచారం అన్న గడిలో 'ఏదీ లేదు' అని రాసింది. మొదట ఉన్నది తక్కువని తేలింది కాబట్టి, తర్వాత టవర్ల మీద పెట్టే మేడతోటలు, గోడలకి పాకించే తీగలు, పూలచెట్లు అన్నీ కలిపి లెక్కకడితే జీవవైవిధ్యం ఇరవైరెండు శాతం మెరుగుపడుతుందని వచ్చింది. ఆ అంకె చూసి ఆఫీసులో కేకు కోశారు. వసుంధర కూడా ఒక ముక్క తింది.

రిపోర్టుని జనం చూసి అభిప్రాయాలు చెప్పడానికి నాలుగు వారాలు గడువు పెట్టారు. అప్పుడు ఈశ్వరరావుగారు ఫోన్ చేశాడు.

"అమ్మా, మాలాంటోళ్ళు కూడా రాయొచ్చంట గదా. ఈ పుస్తకం జెరాక్స్ తీసి పంపుదామనుకుంటున్నాను. ఇంగ్లీషులో ఉత్తరం నానే రాస్తాను, తప్పులుంటే నువ్వు దిద్దు."

వసుంధర చెప్పిన జవాబు ఇది: "అవసరం లేదు చిన్నాన్నా. నేను అన్నీ రాశాను. ఆ పుస్తకం నా దగ్గరుంచండి, నేనే చూపిస్తాను."

మర్నాడు యీషున్ వెళ్ళింది. తారాదేవి పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, మీద ఇంకో కవరు కట్టి ఇచ్చింది. అరటికాయ వేపుడు పెట్టి, తినేదాకా ఊరుకోలేదు. "మా ఆయన రాసింది ఇన్నాళ్ళకి పనికొచ్చిందమ్మా. నేను ఎప్పుడూ నవ్వేదాన్ని" అంది. వసుంధర ఇంటికొచ్చి పుస్తకాన్ని తన చీరల అరలో అడుగున పెట్టింది. గడువు దాటిపోయింది. యీషున్ నుంచి ఒక్క ఉత్తరం కూడా వెళ్ళలేదు. అనుమతి వచ్చేసింది.

ఆ తర్వాత చక్రధర్‌కి వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ వార్త విన్నరోజు వసుంధర బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చిందట. ఆయన సంతోషంతో ఏడ్చిందనుకున్నాడు. రెండు నెలలు ఆగివుంటే సరిపోయేది కదా అని ఆమె ఏడుపు.

చెట్లు కొట్టడం మొదలైంది. మొదట రెండు టవర్ల నేల చదును చేశారు. మూడో టవర్ వైపు, అంటే వాగు వైపు, తర్వాత చేస్తామన్నారు. కానీ ఆ రంపాల చప్పుడుకి, దుమ్ముకి, వాగు పక్కన చెట్లున్నా పిట్టలు ఉండలేదు.

"నాలుగు రోజులనుంచి పాట నేదమ్మా" అని ఫోన్ చేశాడాయన.

"చప్పుడుకి కాస్త దూరం వెళ్ళుంటాయి చిన్నాన్నా. వస్తాయి."

"వొస్తాయంటావా? నువ్వంటే వొస్తాయిలే."

ఆ 'లే' విని రెండు రోజులు ఆమెకి అన్నం సహించలేదు.

అయినా చెప్పలేదు. ఇంకో నెల గడిచింది. అప్పుడు తారాదేవి ఫోన్ చేసింది. "అమ్మా, నీ రిపోర్టులో మీ చిన్నాన్న పుస్తకం సంగతి ఎక్కడో ఉంటుంది కదా. ఆ పేజీ ఒకటి ప్రింటు తీసుకురా. కాఫీషాపులో ఆయన స్నేహితులందరికీ చెప్పేసుకున్నాడు, గవర్నమెంటు కాగితంలో నా పేరు పడిందని. వాళ్ళు చూపించమంటున్నారు. ఆదివారం వస్తావా?"

వసుంధర శనివారం కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక పేజీ తయారు చేసి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకుంది. నిజంగానే మొదలుపెట్టింది. 'యీషున్ నివాసి శ్రీ ఈశ్వరరావు పదకొండేళ్ళుగా నమోదు చేసిన వివరాల ప్రకారం' అని కొట్టింది. ఆ వాక్యం అసలు రిపోర్టులో ఉండవలసిన వాక్యం. అది ఎంత తేలిగ్గా వచ్చిందో చూసింది. ఆపేసి, చక్రధర్‌ని పిలిచి మొత్తం చెప్పింది.

ఆయన తెర మీది ఆ వాక్యం చదివాడు. తర్వాత, "నా ఉద్యోగం కోసం చేశావా?" అన్నాడు.

"అదీ ఉంది. నీ మీద వేసేయాలని లేదు."

ఆదివారం పుస్తకం తీసుకుని యీషున్ వెళ్ళింది. బల్ల మీద కోపీ కప్పులు, పళ్ళెంలో మినపసున్ని. ఈశ్వరరావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు.

"ఏదమ్మా పేజీ?"

"లేదు చిన్నాన్నా. నేను రాయలేదు. మీ పేరు, ఈ పుస్తకం, గూడు, ఏదీ రాయలేదు. అప్పుడప్పుడు వచ్చిపోతాయని రాశాను."

ఆయనకి అర్థం కాలేదనుకుని ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది. తారాదేవి మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆయన పుస్తకాన్ని ముందుకు లాక్కుని, కవరు విప్పకుండానే దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు రాయకపోతే పోనీ. ఏవో నీ ఇబ్బందులుంటాయి" అన్నాడు చివరికి. "నాను రాస్తానంటే ఎందుకొద్దన్నావమ్మా?"

ఉద్యోగం గురించి, చక్రధర్ గురించి దారిపొడుగునా వసుంధర అనుకుంటూ వచ్చిన మాటలేవీ ఈ ప్రశ్నకి సరిపోలేదు. లేచి, ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడి, "ఆ పుస్తకం ఒక్క వారం ఇస్తారా? ఈసారి పంపుతాను. వాగు వైపు ఇంకా చెట్లు కొట్టలేదు" అంది.

ఆయన ఇవ్వలేదు. "నానే జెరాక్స్ తీసి నానే పట్టుకెళతాను. అడ్రసు రాసియ్యి సాలు" అన్నాడు. ఆమె కాగితం మీద అడ్రసు రాసిచ్చింది.

సోమవారం ఓంగ్ దగ్గరికి వెళ్ళి రికార్డర్‌లోని ఆరు ఉదయాల పాటలూ బల్ల మీద పెట్టింది. ఆయన అరవలేదు. మొత్తం విన్నాడు. "గూడు చూశావా అని అడిగాను. పుస్తకం ఉందని నువ్వు చెప్పలేదు. చెప్పివుంటే నేను అలా అనేవాణ్ణి కాదు" అన్నాడు. అది నిజమో, తనని తాను కాపాడుకోవడానికి అన్నాడో ఆమెకి ఇప్పటికీ తెలియదు. నిజమే అయితే తప్పు మరింతగా తనదే అవుతుంది కాబట్టి, నిజమే అనుకోవడం మొదలుపెట్టింది.

తను రాసింది తప్పని, ఏమేం వదిలేసిందో వివరంగా అనుమతి ఇచ్చేవాళ్ళకి ఉత్తరం రాసి సంతకం పెట్టింది. అదే వారం ఈశ్వరరావుగారి జెరాక్సులూ వాళ్ళకి చేరాయి. వాగు వైపు పని ఆపించారు. కొత్తగా వేరేవాళ్ళతో సర్వే చేయించారు. ఏడు నెలల తర్వాత తేలిందేమిటంటే, వాగు రెండు ఒడ్డులూ వదిలేయాలి, మూడో టవర్ లేదు. ముళ్ళపొద మిగిలింది. కానీ ఆ ఏడూ, ఆ పై ఏడూ అక్కడ పిగిలిపిట్టలు కనబడినట్టు ఎవరూ నమోదు చేయలేదు. ఎక్కడికెళ్ళాయో, ఉన్నాయో లేవో చెప్పేవాళ్ళు లేరు.

వసుంధర ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఇంకో కంపెనీలో పక్షులని లెక్కపెట్టే పని మాత్రం చేస్తుంది. రిపోర్టు రాసేది వేరేవాళ్ళు, సంతకం వేరేవాళ్ళది. అలాగే ఉండనివ్వమని తనే అడిగింది.

యీషున్ మూడుసార్లు వెళ్ళింది. ఈశ్వరరావుగారు తలుపు తీశాడు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. అంతా ఇంగ్లీషులో. 'కమ్ ఇన్, సిట్ డౌన్, హౌ ఈజ్ యువర్ డాటర్' అని, పక్కింటి చీనా ఆవిడతో మాట్లాడినట్టు మర్యాదగా. ఆమె తెలుగులో అడిగినదానికీ ఇంగ్లీషులోనే బదులిచ్చాడు. తారాదేవి మాత్రం లిఫ్టు దాకా వచ్చి, "ఇంకొన్నాళ్ళు రాకమ్మా. నువ్వొచ్చి వెళ్ళిన రోజు ఆయన నిద్రపోడు" అంది. ఆ తర్వాత వెళ్ళలేదు.

కిందటి నెల ఆ రెండు టవర్లలో జనం చేరారు. చక్రధర్ కొత్త ఆఫీసులో పనిచేసే నిఖిల అనే అమ్మాయి పదకొండో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశానికి పిలిచింది. ఏ టవరో తెలిసి వసుంధర రానంది. మళ్ళీ తనే ఆలోచించుకుని, చూడాలి అని వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

పాలు పొంగించాక నిఖిల అందరినీ మేడతోటకి తీసుకెళ్ళింది. చాలా బాగుంది, అబద్ధమెందుకు. ఎర్రటి పూలు, వాటి మీద చిన్న పిట్టలు, పసుపు సీతాకోకచిలుకలు. పిల్లలు పరుగెడుతున్నారు.

"వసుంధరగారూ, మీకు పక్షులు బాగా తెలుసంటారు కదా. ఇదేం పిట్టండీ? రోజూ వస్తుంది" అంది నిఖిల.

"తేనెపిట్ట" అంది వసుంధర.

"ఈ భవనం వల్ల ఇక్కడ జీవవైవిధ్యం ఇరవైరెండు శాతం పెరిగిందని బ్రోషర్‌లో రాశారండీ. అది చూసే మేం ఇష్టపడి కొన్నాం. ఇంతకుముందు ఇక్కడ ఏముండేది, ఖాళీ నేలేనా?"

నేను మాట మార్చబోయాను. వసుంధర నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అడవి ఉండేదమ్మా. వాగు పక్కన ఒక జంట పిగిలిపిట్టలు గూడు కట్టుకునేవి. ఆ బ్రోషర్ పాతది, అందులో అంకె నేను వేసిన లెక్క మీద వచ్చిందే. లెక్క తప్పు."

చుట్టూ ఉన్న నలుగురైదుగురు ఇటు తిరిగారు. నిఖిల చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అయ్యో, మాకు తెలీదండీ" అంది.

"మీకెలా తెలుస్తుంది? నేను రాయలేదుగా."

ఎవరో కిందనుంచి భోజనాలకి పిలిచారు. వసుంధర కూడా అందరితోపాటు దిగి, ఆకు ముందు కూర్చుని, వడ్డించినదంతా తింది.